ఇనుప పెట్టె చప్పుడు

సిరిసిల్ల బస్సులో నా పక్కనున్నామె, నిద్రపోతున్న భర్త చెవిలో "హుస్... హుస్" అంటూనే ఉంది.

"బస్సు చప్పుడు సాల్తలేదా అక్కా?" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఈనకు ఊపిరాడకుంటే పట్నం దవాఖానల మెడ దాక ఇనుప పెట్టెల పెట్టి, మిషిన్‌తోని ఊపిరాడించిన్రు తమ్మీ. దినాం జరసేపు బయట ఉంచుకుంట, పెట్టె మాన్పించిన్రు. గా పెట్టె హుస్ హుస్ చప్పుడు లేకుంటే ఊపిరి ఆగుతదని ఈనకు భయం, పండుకోడు. నేను గూడ దినాం జర తగ్గిస్తున్న. ఇయ్యాల వేములవాడ దాకనే."

వేములవాడ దాటగానే ఆమె ఆ చప్పుడు ఆపేసింది. అతని ఛాతీ కదల్లేదు. ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. నాకు ఒక్క జోకూ తట్టలేదు.

కాసేపటికి ఛాతీ మెల్లగా లేచింది.

మా బాపు గురక మీద జోకులేసి ఇంట్లో అందర్నీ నవ్వించేవాణ్ణి. ఇప్పుడది కాస్త ఆగితే లేచి కూర్చుంటున్నాను.