కొత్తిమీర కింది గొంతు

తెల్లవారకముందే మోండా మార్కెట్ ఆకుపచ్చగా నిద్ర లేస్తుంది. కమలాబాయి గోనెసంచి విప్పి కొత్తిమీర కట్టల మీద నీళ్లు చిలకరిస్తే ఆ సందులో అప్పుడే వాన వెలిసినట్టుంటుంది. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ ఆమె చోటు అదే. ప్రతి ఆషాఢంలో అమ్మవారికి అత్తింటి బోనం ఎక్కేదీ ఆమె తల మీదికే.

ఈ ఎండాకాలం బేరమాడుతూనే కళ్లు తిరిగి నిమ్మకాయల గంప మీదికి ఒరిగింది. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరమ్మ గోలీలు రాసిచ్చింది. బోనాల లోపు అది దిగితే సరే, లేదంటే బోనం కుండ కోడలికిచ్చి వెనక నడవమంది.

కోడలు స్వర్ణలత ఆమె ఫోనులో ఆరోగ్యం యాప్ ఒకటి వేసింది. గోలీ వేళకు అది మోగుతుంది. గోలీ వేసుకున్నాక బటన్ నొక్కాలి. కమలాబాయి బేరం మధ్యలో బటన్ ఒక్కటే నొక్కేది. పిలిచిన దానికి పలికితే మర్యాద తీరిందనుకునేది. యాప్ నిండా పచ్చ గుర్తులు మొలిచాయి. బీపీ మాత్రం దిగలేదు.

ఒకరోజు చీర ఉతకబోయి స్వర్ణలత కొంగుముడి విప్పితే గోలీలు జలజలా రాలాయి. ఆమె కోప్పడలేదు. గంట తీసేసి తన గొంతే రికార్డు చేసి పెట్టింది. గోలీ వేసుకో అత్తమ్మా అని కొత్తిమీర కింద పెట్టిన ఫోను మెత్తగా అడిగేది. కమలాబాయి మురిసిపోయి, ఆ మాట కొనేవాళ్లకు వినిపించి, గోలీ సంగతి మరిచిపోయేది.

ఎదుటి గంపల దగ్గర ఉల్లిగడ్డలమ్మే పర్వతాలు ఆమెను వదినె అంటాడు. ఆమెను ఉడికించనిదే అతనికి చాయ్ రుచించదు. స్వర్ణలత ఫోను పట్టుకొని అతని దగ్గరికి వెళ్లింది.

మర్నాడు టిఫిను వేళ కొత్తిమీర కింద నుంచి పర్వతాలు గొంతు లేచింది.

"ఏం వదినె, ఈసారి బోనం నీ కోడలు ఎత్తుతదట గద? నువ్వు ఎనక చెప్పులు మోస్తవా?"

సందంతా నవ్వింది. అసలు పర్వతాలు ఏమీ ఎరగనట్టు ఉల్లిపొట్టు ఊదుకుంటున్నాడు. కమలాబాయి కొంగుముడి విప్పింది. అతని వైపే చూస్తూ గోలీ మింగి, ఆ తర్వాతే బటన్ నొక్కింది.

అప్పటి నుంచి ఆమె కోపం ఒక్క పూట కూడా వేళ తప్పలేదు. ఆషాఢం మబ్బులు దిగేసరికి బీపీ కూడా దిగింది.

బోనాల ఆదివారం. పసుపు రాసిన కుండ, వేపాకులు, పైన దీపం. తల నిటారుగా పెట్టి కమలాబాయి నడుస్తోంది. వెనకే స్వర్ణలత, చేతిలో నీళ్ల సీసా, గోలీ. దారి పక్కన బిందెతో నిలబడ్డ పర్వతాలు వంగి ఆనవాయితీగా ఆమె పాదాల మీద నీళ్లు పోశాడు. అప్పుడే ఆమె నడుము దగ్గర దోపిన ఫోను గొంతెత్తింది: "ఏం వదినె, ఈసారి బోనం..."

పర్వతాలు చేతిలో బిందె ఆగిపోయింది. సిగ్గుపడి, ఆ మాట రేపే తీయిస్తానన్నాడు.

కమలాబాయి మెడ తిప్పలేదు. పైన దీపం మాత్రం నవ్వినట్టు కొద్దిగా ఊగింది.

"తియ్యకు పర్వతాలూ. వచ్చే ఏడు బోనం సుత నేనే ఎత్తాలె గద."