జారిపడ్డ తూటా

ఇవాళ మా పాప బర్త్‌డే కొవ్వొత్తులు ఊదగానే చాండ్లర్ ఊళ్లోని మా పాత ఇంటి గరాజ్ వాసన వచ్చింది. నాన్న అక్కడ సీసం కరిగించి, మలినాలు పైకి తేలడానికి అందులో మైనం ముక్క వేసి, తన రివాల్వర్‌కి తూటాలు పోతపోసేవాడు. వాటిని రివాల్వర్ సిలిండర్‌లో తూటాలు పట్టే రంధ్రాల్లో పెట్టి చూడడం, ఏడేళ్ల వయసులో నా పని. వేలితో నెడితే బిగువుగా దూరాలి. వదులుగా జారిపడేదాన్ని పేలిస్తే బారెల్ పాడవుతుందని, దాన్ని మళ్ళీ కరిగించేవాడు.

కరిగిస్తే దానికి నొప్పి పుడుతుందనుకుని, జారిపడ్డ ఒకదాన్ని జేబులో దాచాను. దొరికిపోయాను.

"డాడీ, ప్లీజ్, దాన్ని మెల్ట్ చెయ్యొద్దు."

"నువ్వే వెయ్యి. చూస్తూ వెయ్యి."

వేశాను. అది పూర్తిగా కరిగేదాకా నన్ను తల తిప్పుకోనివ్వలేదు.

పొద్దున ఈ కేక్ మీద పాప ఐసింగ్‌తో తన పేరు వంకరగా రాసుకుంది. వంకరగా ఉందని, నేను దగ్గర నిలబడి, దాన్ని తన చేతే గీకించేశాను.