వాడపల్లి ఒడ్డున ‘డా.’

2001 జూన్‌లో కోదాడ నుంచి బదిలీ మీద సూర్యాపేటలోని ఒక డిగ్రీ కళాశాలకు జంతుశాస్త్రం లెక్చరర్‌గా వచ్చాను. 2014లో అక్కడే పదవీ విరమణ చేశాను. ఇప్పుడు రాస్తున్నది 2006 అక్టోబరులో జరిగిన సంగతి. అప్పటికి నేను జంతుశాస్త్ర విభాగానికి ఇన్‌చార్జిని. ఇన్‌చార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. పగిలిన గాజు సీసాలకు సంజాయిషీ చెప్పుకోవలసిన మనిషి.

మా విద్యార్థులవి బీజెడ్‌సీ సబ్జెక్టులు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ఇంటర్లో బైపీసీ చదివి, ఎంసెట్ రాసి, మెడిసిన్ సీటు రాని పిల్లలే ఎక్కువగా చేరేవారు. ఆ సంగతిని ఎవరూ వాళ్లను మరచిపోనిచ్చేవారు కాదు. బస్సులో టికెట్ కొట్టే కండక్టర్ దగ్గర నుంచి పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న చుట్టం దాకా ఒకటే ప్రశ్న: “డాక్టర్ సీటు రాలేదా?” జీవశాస్త్రాన్ని దాని కోసమే చదివేవాళ్లు కూడా ఉంటారన్న ఆలోచన మా ప్రాంతంలో ఎవరికీ ఉండేది కాదు. నేను చదువుకునే రోజుల్లో నన్నూ అలాగే అడిగారు. అడిగినవాళ్ల పేర్లు ఇప్పటికీ చెప్పగలను.

2003లో నాకు పిహెచ్.డి. పట్టా వచ్చింది. ఉద్యోగం చేసుకుంటూ, కొర్రమీను పేగుల్లో బతికే పురుగుల మీద చేసిన పరిశోధన అది. చేపల మార్కెట్లో బేరమాడకుండా పేగులు మాత్రమే అడిగే మనిషిగా సూర్యాపేటలో నాకు ఒక పేరుండేది. పట్టా వచ్చాక కళాశాల వరండాలో కొత్తగా సిబ్బంది పేర్ల బోర్డు రాయించారు. కామర్స్ విభాగంలోని ఇద్దరి పేర్లకు ముందు ‘డా.’ ఉంది. నా పేరు ముందు లేదు. ప్రిన్సిపాల్‌కు అర్జీ పెట్టాను. జవాబు రాకపోతే గుర్తుచేస్తూ మరొకటి పెట్టాను. నా సంచిలో ఎప్పుడూ తెల్లకాగితాలు, కార్బన్ పేపరు ఉండేవి. ఆ సంగతి స్టాఫ్‌రూంలో అందరికీ తెలుసు.

వైస్ ప్రిన్సిపాల్ ప్రభాకర్ గారు కామర్స్ మనిషి. ఒకరోజు టీ తాగుతూ, అందరూ వింటుండగా, “నర్సయ్య సార్, మీ పేర్లనే నర్సు ఉన్నది. ఇగ డాక్టర్ కూడా ఎందుకు? దవాఖాన పెడ్తరా?” అన్నారు. అందరూ నవ్వారు. బొటనీ మేడం కూడా నవ్వింది. ఆమె తర్వాత క్షమాపణ చెప్పింది. ఆయన చెప్పలేదు. చివరికి పెయింటర్ వచ్చి నా పేరు ముందు ఉన్న కాస్త జాగాలో ‘డా.’ ఇరికించి పోయాడు. మిగతా అక్షరాల కంటే అది సన్నగా ఉండేది. దాని మీద కూడా ఒక అర్జీ పెట్టాను.

మా కోర్సులో క్షేత్ర పర్యటన తప్పనిసరి. విద్యార్థులు ఒక నీటి వనరు దగ్గరికి వెళ్లి, అక్కడి జీవులను చూసి, కొన్నింటిని సేకరించి, నివేదిక రాసి ప్రాక్టికల్ రికార్డుకు జతచేయాలి. ప్రిన్సిపాల్ అనుమతి, తల్లిదండ్రుల అంగీకార పత్రాలు, అమ్మాయిలుంటే వెంట ఒక మహిళా లెక్చరర్, ఇవన్నీ ఉంటేనే బస్సు కదులుతుంది. ఆ ఏడాది సెకండియర్ వాళ్లను వాడపల్లి తీసుకువెళ్లాలనుకున్నాం. అక్కడ మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. రెండు రకాల నీళ్లు ఒకచోట దొరకడం మా పనికి మంచిది.

అంతకు ముందు నెల ప్రభాకర్ గారు కామర్స్ విద్యార్థులను సిమెంటు ఫ్యాక్టరీ చూడ్డానికి తీసుకుపోయారు. ఆ బస్సుకు బ్యానర్ కట్టారు. మాకు బ్యానర్‌కు అనుమతి లేదన్నారు. నేను ఊరుకోలేదు. అనుమతి సాధించి, ఎర్రటి అక్షరాలతో రాయించాను: ‘జీవశాస్త్ర క్షేత్ర శిబిరం. సారథ్యం: డా. నర్సయ్య, ఎం.ఎస్సీ., పిహెచ్.డి.’ ఈసారి ‘డా.’ మిగతా అక్షరాలంత లావుగానే ఉండాలని పెయింటర్ పక్కన నిలబడి చెప్పాను. పిల్లలందరూ ల్యాబులో వేసుకునే తెల్ల ఆప్రాన్లు తొడుక్కోవాలని కూడా ఆదేశించాను. ‘కప్పల బ్యాచ్’ అని ఎగతాళి చేసేవాళ్లకు మా విభాగం ఏమిటో తెలియాలని నా ఉద్దేశం.

మిర్యాలగూడ దాటి పొద్దున్నే వాడపల్లి చేరాం. పిల్లలు వలలు దించారు. ఇంకా ఒక సీసా కూడా నిండలేదు, ఒడ్డు మీద జనం చేరడం మొదలైంది. మొదట ముసలమ్మలు వచ్చారు. ఒకామె చీర కుచ్చిళ్లు కొంచెం పైకి పట్టుకుని నా ముందు కూర్చుంది.

“సారూ, జర మోకాళ్లు సూడుండ్రి. రాత్రయితే లాగుతయ్.”

ఇది మందుల క్యాంపు కాదమ్మా అన్నాను.

“మరి తెల్లంగీలేంది అందరికి? శిబిరమని రాసుకొచ్చిండ్రు గద. పోయినేడు కండ్ల శిబిరం గిట్లనే వచ్చింది. అద్దాలిచ్చిండ్రు.”

మేం చేపలను చూడ్డానికి వచ్చామన్నాను. ఆమె పక్కన ఉన్నామె వైపు తిరిగింది.

“చేపలకేం రోగమొచ్చిందే?”

“ఏమో. మనకంటె ముందు చేపలకే డాక్టర్లొచ్చిండ్రు.”

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు ఒళ్లు మండింది. శిబిరం అన్న మాటకు నిఘంటువులో ఏ అర్థం ఉన్నా, ఊళ్లలో దానికి ఒకటే అర్థం. సూది, మందు, కళ్లజోడు. ఆ సంగతి నాకు తట్టనే లేదు.

అప్పుడే ఒక మోటర్‌సైకిల్ వచ్చి ఆగింది. నడుపుతున్నది పాతికేళ్ల మనిషి. మధ్యలో అతని మామ గురువయ్య, వెనక అత్త ముత్తమ్మ. ఇద్దరూ కూలికి పోయేవాళ్లు. గడ్డివాము తీస్తుంటే గురువయ్య చేతిని పాము కరిచింది. పామును కొట్టి చంపి యూరియా సంచిలో వేసుకుని వచ్చారు. మిర్యాలగూడ దవాఖానకు బయలుదేరినవాళ్లకు దారిలో ఎవరో వాడపల్లిలో డాక్టర్ల క్యాంపు ఉందని చెప్పారు. అందుకని బండి ఇటు తిప్పారు. అంటే నా బ్యానర్ ఆ మనిషిని దవాఖానకు దూరంగా లాక్కొచ్చింది.

“సారూ, సూది ఏయుండ్రి జల్ది,” అన్నాడు అల్లుడు.

“నేను డాక్టర్‌ను కాను,” అన్నాను.

అతను బస్సు వైపు చెయ్యి చూపించాడు. “మరి గాడ రాసుంది గద, డాక్టర్ నర్సయ్య అని. మీరు కాదా?”

“నేనే,” అన్నాను. ఆ రెండు మాటలూ నిజమే. ఒకదాని పక్కన ఒకటి పెట్టి నలభై మంది విద్యార్థుల ముందు చెప్పవలసి వచ్చింది. మూడేళ్లు అర్జీలు పెట్టి సాధించుకున్న ఆ అక్షరాన్ని నా నోటితోనే కాదనవలసి వచ్చింది. ముత్తమ్మ నన్ను దొంగను చూసినట్టు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ ఒక్క చూపు విషయంలో మాత్రం ఫిర్యాదు లేదు.

సునీత అనే విద్యార్థిని అప్పటికే ఫోర్సెప్స్ తీసుకుని సంచి మూతి విప్పింది. తిరుమలగిరి పిల్ల. గొర్లు కాచే ఇల్లు. ఎంసెట్ రెండుసార్లు రాసి మా దగ్గరికి వచ్చింది. విషసర్పాలను, విషం లేనివాటిని గుర్తుపట్టే పట్టిక బీజెడ్‌సీలో అందరూ బట్టీ పట్టే ప్రశ్న. మొదట తోక, తర్వాత పొట్ట మీది పొలుసులు, తర్వాత తల, చివరికి వెన్ను, ఒక్కొక్కటే చూసుకుంటూ పోవాలి. మా ల్యాబ్ సీసాల్లోని పాములు ఫార్మలిన్‌లో ఏళ్లుగా నాని అన్నీ ఒకే రంగుకు తిరిగాయి. పిల్లలు పాములను కాక, సీసాల మీది చీటీలను గుర్తుపట్టేవారు.

“తల చితికింది సార్. తోక గుండ్రంగ ఉంది. పొట్ట పొలుసులు అడ్డం మొత్తం ఉన్నయ్. వెన్ను నడుమ వరుస పెద్దగ, ఆరు మూలలతోని ఉంది. నల్లటి ఒళ్లు, తెల్ల పట్టీలు.”

నేనూ వంగి చూశాను. కట్లపాము.

గురువయ్య మాత్రం లేచి నిలబడ్డాడు. “నాకేం గాలె. చీమ కుట్టినట్టయ్యింది, గంతే. వాపు గిట్ల లేదు. కడుపుల జర నొస్తుంది, పొద్దటిసంది తినలే గద. ఇంటికి పోదాం పా.”

కట్లపాముతో వచ్చే ప్రమాదమే అది. కాటు దగ్గర వాపు ఉండదు, పెద్దగా నొప్పి ఉండదు. ముగ్గురినీ బస్సెక్కించాం. వలలు ఒడ్డునే వదిలేసి, బొటనీ మేడంను మిగతా పిల్లలతో అక్కడ ఉంచి, నేనూ సునీతా వాళ్లతో మిర్యాలగూడ వచ్చాం. సునీత దారి పొడవునా గురువయ్య చేతిని కదలనీయకుండా పట్టుకుంది.

దవాఖానలో డ్యూటీ డాక్టర్ కుర్రవాడు. సునీత ఆప్రాన్ చూసి ఏ మెడికల్ కాలేజీ అని అడిగాడు. ఆమె జవాబు చెప్పేలోపల నేను ముందుకు వచ్చి, “నేను డాక్టర్ నర్సయ్యను,” అన్నాను. గంట క్రితమే కాదని చెప్పిన మాట అది. అలవాటు కొద్దీ వచ్చింది.

“ఏ స్పెషలిస్టు సార్?”

“జువాలజీ.”

అతను నవ్వాపుకున్నాడు. నవ్వి ఉంటే అంత బాధ ఉండేది కాదు. నేను పాము పొలుసుల వివరం మొదలుపెట్టాను. “సార్, మేము చూసేది పామును కాదు, పేషెంట్‌ను. ఏ పామైనా మా దగ్గరున్న మందు ఒకటే. మీరు జర బయట కూసోండి,” అన్నాడు.

ఇన్నేళ్లుగా చెబుతున్న పాఠాన్ని అతను ఒక్క వాక్యంలో పక్కన పెట్టేశాడు. అది నిజమో కాదో నేను ఆలోచించలేదు. ‘బయట’ అన్న మాట మాత్రం పట్టుకున్నాను. అతని పేరు అడిగాను. ఎందుకన్నాడు. బయటికి వచ్చి, బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీశాను. సూపరింటెండెంట్ గారికి, విజ్ఞప్తి, అని మొదలుపెట్టి, విద్యావంతుడైన పౌరుడి పట్ల అమర్యాద అని రాశాను. కార్బన్ పెట్టి నకలు కూడా తీశాను.

నేను రాస్తున్న ఆ సమయంలో లోపల ఏం జరిగిందో తర్వాత అల్లుడు చెప్పాడు. చేతికి వాపు లేదు. గురువయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. డాక్టర్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, కాసేపు ఇక్కడే ఉండాలని చెప్పి వేరే రోగిని చూస్తున్నాడు. సునీత మాత్రం గురువయ్య ముఖాన్నే చూస్తూ కూర్చుంది. కొంచెంసేపటికి లేచి, “సార్, రెప్పలు వాలుతున్నయ్. నిద్ర కాదు, లేపుదామని సూస్తుండు, లేస్తలెవ్వు. కట్లపాము సార్, నరాల మీద పనిచేస్తది,” అంది. డాక్టర్ పరుగున వచ్చి పైకి చూడమన్నాడు. గురువయ్య చూడలేకపోయాడు. వెంటనే మందు ఎక్కించారు. ఊపిరి ఆడకపోతే పెట్టే యంత్రం కోసం అంబులెన్సులో నల్గొండ పంపారు.

నేను కాగితం పూర్తిచేసి లేచేసరికి స్ట్రెచర్ నా పక్క నుంచి పోతోంది. దాని వెనకే వచ్చిన డాక్టర్ నన్ను చూసి ఆగాడు. ఇందాకటి సంగతి అతనికి గుర్తు కూడా లేనట్టుంది. “మీ స్టూడెంటా సార్? మంచిగ చెప్పిండ్రు. రెప్పల మాట ఆ అమ్మాయే ముందు పట్టింది,” అన్నాడు. నా సర్వీసులో ఒక వైద్యుడు నా పాఠాన్ని మెచ్చుకున్నది అదొక్కసారే. అప్పుడు నా చేతిలో అతని మీద ఫిర్యాదు ఉంది. దాన్ని మడిచి వెనక్కి దాచుకున్నాను. సునీత అది చూసింది.

అంబులెన్స్ ఎక్కబోతూ ముత్తమ్మ ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. “డాక్టరమ్మా, మళ్ల ఏడ దొరుకుతవ్?”

“నేను డాక్టరమ్మను కాదు పెద్దమ్మా. బీజెడ్‌సీ సెకండియర్.”

“గదేం డాక్టరో గని, సల్లగుండు బిడ్డా.”

డాక్టరమ్మను కాదన్న మాటను సునీత తల దించుకోకుండా అంది. సీటు రాలేదన్న బాధ ఆ మాటలో లేదు. అదే రోజు అదే మాట నేను చెప్పినప్పుడు నా గొంతు నాకే వినిపించలేదు.

గురువయ్య బతికాడు. ఆ తర్వాతి నెల అల్లుడు కళాశాలకు వచ్చి ఆ సంగతి చెప్పి వెళ్లాడు. సునీత గురించే అడిగాడు. నన్ను వరండాలో చూసి నమస్కారం పెట్టాడు కాని, డాక్టర్ అనలేదు. స్టాఫ్‌రూంలో ప్రభాకర్ గారు, “చేపలకు సూదులేసిండ్రట గద సార్?” అన్నారు. ఆ మాట మరవలేదు.

మరుసటి సంవత్సరం నుంచి ఆప్రాన్లు ల్యాబు గడప దాటలేదు. బస్సు మీద ‘చేపల పరిశీలన’ అని మాత్రమే రాయించాను. పాముల పట్టిక చెప్పే ముందు, పాము కరిచిన మనిషిని దవాఖానకు చేర్చాకే ఈ పట్టిక అని పిల్లల చేత రాయించేవాడిని. ఆ దారిలో, చేరాక కూడా, ఆ మనిషి ముఖం మీంచి చూపు తిప్పకూడదని చెప్పేవాడిని. పరీక్షలో దీనికి మార్కులు లేవు. మార్కులుండాలని విశ్వవిద్యాలయానికి రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను.

ఆ డాక్టర్ మీద రాసిన కాగితం ఎక్కడా ఇవ్వలేదు. నా సర్వీసులో రాసి ఇవ్వకుండా వదిలేసింది అదొక్కటే. గౌరవం తక్కువైందని నేను లెక్క చూసుకుంటున్న సమయంలో ఒక మనిషి కనురెప్పలు వాలిపోతున్నాయి. అర్జీ రాయడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. కాని దానికొక వేళ ఉంటుంది.

రిటైరయ్యాక ఇంటి గేటుకు కట్టిన పలకలో ‘డా.’ అలాగే ఉంది. అది కష్టపడి సంపాదించుకున్నది, తీసేయను. అది చూసి ఎప్పుడైనా ఎవరైనా గేటు కొట్టి మీరు డాక్టరా అని అడుగుతుంటారు. నేను అవుననీ చెప్పను, కాదనీ చెప్పను. ఎవరికి బాగాలేదని ముందు అడుగుతాను.