పిడికెడు జొన్నలకు ఒక వాక్యం

మొన్న ఆదివారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, ఆదోనిలో నేనుండే ఇంటి కింది వాటాలోని ఆమె, పిండిమిషను నుంచి జొన్నపిండి ఆడించుకొని వచ్చి, ఇంకా వేడి చల్లారని డబ్బాను మెట్టు మీద పెట్టి, తాళంచెవి కోసం కొంగుముడి విప్పుతోంది. గుడికి పోదామని మెట్లు దిగుతున్న నేను ఆ వాసనకు ఆగిపోయాను. మిషను పిండిలో కొంచెం మాడువాసన ఉంటుంది. మా జేజి విసుర్రాయిలో విసిరిన పిండిలో అది ఉండేది కాదు. రాతి చల్లదనమూ పచ్చి జొన్న వాసనా మాత్రమే ఉండేవి. నాకు అరవై ఏళ్లు దాటినా ఆ తేడా తెలుస్తూనే ఉంది.

మా పేట ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కొంచెం లోపలగా ఉండేది. మట్టి మిద్దెలు, వాటి మధ్య మిద్దె లాంటిదే ఒక చిన్న గుడి. చర్చిని మేము గుడి అనే అంటాం. వానాకాలంలో నల్లరేగడి కాళ్లకు అంటుకొని చెప్పుల్లా బరువెక్కేది, ఎండాకాలంలో అదే నేల చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చేది. పత్తి తీసే రోజుల్లో ఆడవాళ్ల వేళ్లు గీరుకుపోయి ఉండేవి, శనక్కాయలు పెరికే రోజుల్లో పిల్లలందరి ఒళ్లూ పచ్చి కాయల వాసన వేసేది. పంటలు అయిపోయాక కోసిగి వైపు నుంచి పనులు వెతుక్కుంటూ పోయే కుటుంబాలు మా దారినే సాగిపోయేవి, మేము గచ్చకాయలాట ఆపి వాళ్ల నెత్తిమీది కుండలు లెక్కపెట్టేవాళ్లం. క్రిస్మస్‌కు మాత్రం ఇంటింటా ఓళిగలు చేసేవారు. ఆ ఒక్కరోజు బెల్లం పూర్ణం ఉడికే వాసన పేట చివరిదాకా వచ్చేది.

మా అమ్మ ముఖం నాకు గుర్తులేదు. నాయన యాకోబు బావులు తవ్వే కూలి. నన్ను పెంచింది ఆయన తల్లి, మా జేజి. ఆమె అసలు పేరు మారెమ్మ, క్రైస్తవం పుచ్చుకొని గుడిలో కలిసినప్పుడు, వాక్యం చెప్పే ఉపదేశి పుస్తకంలో మరియమ్మ అని రాసుకున్నారు. పేటవాళ్లు రెండు పేర్లతోనూ పిలిచేవాళ్లు, ఆమె రెండింటికీ పలికేది.

గుడిలో కలవక ముందు జేజి శోకాలు పెట్టడంలో పేరున్న మనిషి. గోనెగండ్లలో చావైనా కోడుమూరులో చావైనా ఆమెకు కబురొచ్చేది. పోయినవాళ్ల పేరూ, వాళ్ల పనీ, వాళ్ల చేతి వంటా పాటలో పెట్టి ఏడ్చేది. ప్రతి శోకంలోనూ చివర ఒక చోటు ఉండేది. మనిషి ఏ నేల మీద పడి చనిపోయాడో ఆ నేలను శపించాలి. నీ మీద మంచు కురవొద్దు, వాన పడొద్దు, నీ పైరు పాలు పట్టొద్దు అనాలి. మా సీమలో అది ఉత్త మాట కాదు. ఆ చోటు వచ్చేసరికి నేల ఆసామి తలపాగా తీసి, తల వంచుకొని నిలబడేవాడట. గుడిలో కలిశాక శోకాలు మానాలన్నారు, ఆమె మానేసింది. పీర్ల పండుగకు ఆదోని పోయినప్పుడు మాత్రం, సాయిబులు తమ వీరుల కోసం గుండెలు బాదుకుంటూ పాడుతుంటే, జనంలో నిలబడి ఆ పాట అయిపోయేదాకా కదిలేది కాదు. "మన మాదిరే ఏడుస్తాండారు పాపా," అనేది.

జేజికి చదువు రాదు. నేను మూడో తరగతిలో చేరగానే ఆమె ఒక పద్ధతి పెట్టింది. తెల్లవారి అక్షరాలు కనిపించేంత వెలుగు రాగానే విసుర్రాయి ముందు కూర్చునేది. నేను ఎదురుగా బైబిలు ఒళ్లో పెట్టుకొని కూర్చోవాలి. పిడికెడు జొన్నలు రాతి నోట్లో వేసినప్పుడు ఒక వాక్యం చదవాలి. ఆ పిడికెడు పిండి అయ్యేదాకా ఆమె ఆ వాక్యాన్ని తన పాత శోకం వరసలో పాడుకుంటూ విసిరేది. మళ్లీ పిడికెడు, మళ్లీ వాక్యం. రొట్టెకు సరిపడా పిండి అయ్యేసరికి ఒక అధ్యాయం అయ్యేది.

ఒకరోజు కొండమీది యుద్ధంలో పడిపోయిన స్నేహితుని కోసం ఒక రాజు ఏడ్చిన చోటు వచ్చింది. ఆ రాజు కొండల వైపు తిరిగి, మీ మీద మంచైనా వానైనా కురవకుండుగాక అన్న మాట చదవగానే రాయి ఆగింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను.

"ఇది నా శోకమే కదా పాపా. ఆ రాజుకెట్ల తెలిసింది?"

నాకేం తెలుసు? ఆ రోజు నుంచి ఆమె ఆ రాజు మాటలనూ తన మాటలనూ ఒకదాంట్లో ఒకటి కలిపి పాడింది. కొండలతోపాటు జొన్నచేను వచ్చింది, చేను పక్కన నెర్రెలు విచ్చిన రేగడి వచ్చింది. రోజూ వినీ వినీ ఏది పుస్తకంలోదో ఏది జేజిదో నాకు తేడా తెలియకుండా పోయింది.

ఆ తప్పు నా నోటి నుంచే బయటపడింది. ఉపదేశి అయ్య ఆదివారాలు ఎమ్మిగనూరు నుంచి సైకిలు మీద వచ్చేవారు. బక్కమనిషి, మంచివారు, పలకల మీద మాకు అక్షరాలు దిద్దబెట్టింది ఆయనే. పిల్లలు వాక్యాలు అప్పజెప్పే రోజున నేను లేచి ఆ రాజు ఏడుపు మొత్తం, జొన్నచేనుతో సహా, ఒక్క గుక్కలో చెప్పాను.

"జొన్నచేనా? యాడుంది ఆ మాట?" అన్నారాయన.

"బైబిల్లోనే అయ్యా. మా జేజి దినామూ సెప్తాది."

"ఆ రాజు కూడా జొన్నరొట్టె తిన్న్యాడేమోలే అయ్యా, నంజుకోను ఎర్రగడ్డ ఉండెనో లేదో!" అని వెనక నుంచి ఎవరో అంటే గుడంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చి, దేవుని మాటకు ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు అన్నారు. పాత దేవతలను కొలిచిన రోజుల్లో పాడిన వరస ఇంట్లో వినపడకూడదు అన్నారు. జేజి తల ఊపింది. మర్నాటి నుంచి నేను చదివేదాన్ని, ఆమె పాట లేకుండా విసిరేది. రాతి చప్పుడు ఒక్కటే వినిపించేది.

ఆ ఎండాకాలంలోనే నాయన చనిపోయారు. రెండు మైళ్ల అవతల ఒక రెడ్డి చేనులో బావి తవ్వుతున్నారు. నీటి చెమ్మ తగిలిందని పైవాళ్లకు కేకేసి చెప్పారట. మళ్లీ గునపం వేసేలోపు గట్టు విరిగి మీద పడింది. తీసేసరికి ప్రాణం లేదు. మంచం మీద మోసుకొచ్చారు. నా వయసు తొమ్మిదేళ్లు. ఆయన గోళ్లలో తడిమట్టి ఉండటం నాకు బాగా గుర్తు. ఆ మట్టి ఒక్కటే ఆ రోజు తడిగా ఉంది. జేజి కళ్లు కూడా పొడిగానే ఉన్నాయి.

గుంత దగ్గర పేట ఆడవాళ్లంతా జేజి వైపే చూస్తున్నారు. చేను ఆసామి కూడా వచ్చి, దూరంగా, తలపాగా చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. ఊరందరి చావుకూ ఏడ్చిన మనిషి సొంత కొడుకుకు ఏడవకుండా ఎట్లా పూడ్చడం? జేజి ఉపదేశి అయ్య ముందుకు వచ్చి నిలబడింది.

"ఒక్కసారి ఏడ్సుకుంటానయ్యా. నా మాదిరిగా."

"వద్దమ్మా మరియమ్మా. మళ్లీ లేస్తామనే నిరీక్షణ లేనోళ్ల మాదిరి మనం ఏడవకూడదు."

"నిరీక్షణా ఉండాది అయ్యా, ఏడుపూ ఉండాది. ఒకటుంటే ఇంగొకటి పోతాదా?"

ఆయన ఒప్పుకోలేదు. నేను ఇంటికి పరుగెత్తి బైబిలు తెచ్చాను. ఆ పుట దగ్గర జేజి ఒక జొన్న ఆకు గుర్తు పెట్టి ఉంచింది. తెరిచి ఆయన చేతిలో పెట్టాను. ఆయన లోపల్లోపల చదువుకున్నారు. తర్వాత, ఆ రోజు చదవాల్సిన భాగం పక్కన పెట్టి, ఆ రాజు ఏడుపునే మా నాయన మీద పైకి చదవడం మొదలుపెట్టారు. మంచు, వాన అన్న చోటికి వచ్చి ఆగిపోయారు. పుస్తకం మూసి, జేజి వైపు చూసి, "తక్కింది నువ్వు సెప్పమ్మా," అన్నారు.

జేజి ఎత్తుకుంది. నాయన పేరూ, గునపం పట్టిన చేతులూ, ఆయన తవ్విన ఎనిమిది బావులూ వచ్చాయి. ఆడవాళ్లు గొంతు కలిపారు. శాపం చోటు దగ్గరికి వచ్చింది. ఆసామి తల వంచుకున్నాడు. ఆడవాళ్లు ఆ మాట అందుకోవడానికి ఊపిరి పట్టారు. జేజి అక్కడ ఆగింది. ఆపైన అదే వరసలో, అంతకు ముందు ఎన్నడూ ఎవరూ వినని మాట అన్నది.

"పడు వానా, ఆ సేను మీదే పడు. నా కొడుకు తవ్విన బాయి నిండు. తాగినోళ్లు యాకోబు అని పలకండి."

ఆమె ఎందుకు మార్చిందో నేను అడగలేదు. ఆ చేనులో కూలికి పోయేది మా పేటవాళ్లే, ఆ బావి నీళ్లు తాగాల్సింది వాళ్లే. అంతే అయి ఉంటుంది.

పెద్దయ్యాక ఆదోనిలో బడిపంతులమ్మనయ్యాను. చదివే అలవాటు మాత్రం విసుర్రాయి దగ్గర అబ్బిందే. ఒక పుస్తకంలో, ఆ రాజు కాలానికి కొన్ని వందల ఏళ్ల ముందే, సముద్రపుటొడ్డు పట్టణం ఒకదానిలో మట్టి పలకల మీద రాసిన కథ గురించి చదివాను. అందులో కొడుకు హతమైన తండ్రి ఒకడు ఏడేళ్లు, ఎనిమిదేళ్లు మంచూ వానా ఉండకూడదని నేలను శపిస్తాడు. అక్కడి వాళ్లు తమ వాన దేవుణ్ణి మేఘాల మీద వచ్చేవాడని పిలిచారు. తర్వాత బైబిలు కీర్తనలు పాడినవాళ్లు ఆ పేరును తమ దేవునికి ఇచ్చుకున్నారు. సిలువ మీద చనిపోతున్నవాడు వేసిన కేక కూడా అంతకు ముందున్న కీర్తనలో మొదటి మాటే. ఇవి చదివి విశ్వాసం సడలినవాళ్లు నాకు తెలుసు. నాకు అట్లా కాలేదు. చావు ఎదురైనప్పుడు కొత్త మాటలు దొరకవు. పాతవాళ్లు ఏడ్చిన మాటలే నోటికి వస్తాయి. వాటిలో తన మనిషి పడి ఉన్న ఆ ఒక్క చోటును మాత్రం ఎవరికి వాళ్లు మార్చుకుంటారు. ఆ రాజు మార్చాడు, జేజి మార్చింది. ఎక్కడ మారిందో చూస్తే ఎవరి దుఃఖమో తెలుస్తుంది.

ఉపదేశి అయ్య ఆ తర్వాత మా ఇంట్లో పాటను ఆపలేదు. కొన్ని ఆదివారాలు పొద్దున్నే వచ్చి గడప బయట సైకిలు పట్టుకొని నిలబడి, విసరడం అయిపోయేదాకా లోపలికి వచ్చేవారు కాదు.

మిగతా కూలీలు తవ్వడం పూర్తిచేశాక ఆ బావి నిండింది. కొన్నేళ్లు పేటవాళ్లు నీళ్లు తోడుకుంటూ నాయన పేరు చెప్పేవాళ్లు. బోర్లు వచ్చాక దాన్ని పూడ్చేశారు. జేజి పోయినప్పుడు నేను శోకం ఎత్తుకోబోయాను, రెండు మాటలకంటే ఎక్కువ రాలేదు. విసుర్రాయి మా పాత ఇంటి గోడ పక్కన బోర్లా పడి ఉంది.

కింది వాటా ఆమె తాళం తీసి డబ్బా లోపలికి తీసుకుపోయింది. నేను గుడికి పోయాను. ఆ రోజు ఒక చావు ప్రార్థన కూడా ఉంది. స్పీకరులో పాట పెట్టారు. పోయినాయన పేరు ఆ పాటలో లేదు.

ఇప్పుడు మా దగ్గర ఎవరూ విసురుతూ వాక్యం చదివించుకోరు. గుంత దగ్గర ఎవరూ శోకాలు పెట్టరు.