జరిపిన బొట్టుబిళ్ళ

ఆ రోజు పొద్దున డ్యూటీకి బయలుదేరే ముందు, చేపల తొట్టి అద్దం మీద నా భార్య అంటించిన బొట్టుబిళ్ళను గోటితో ఊడదీసి, ఒక అంగుళం ముందుకు జరిపి అంటించాను. ఎవరూ చూడలేదు. తప్పని తెలిసే చేశాను.

ఆ తొట్టి మా హాల్లో పొట్టి పీట మీద ఉండేది. మూడడుగుల పొడవు. అద్దాలు కోయించి, గమ్ముతో అతికించి నేనే తయారుచేసుకున్నాను. ఇంటికి వచ్చిన వాళ్లందరికీ ఆ మాట చెప్పేవాణ్ణి. అంతకు పది రోజుల ముందు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఇన్వర్టర్ బ్యాటరీని ఎత్తి పక్కకు పెడుతుంటే దాని మూల ముందు అద్దానికి తగిలింది. వెంట్రుకంత గీత పడింది. నీళ్లు కారలేదు. సాయంత్రం నా భార్య ఆ గీత చూసి ఇదేమిటని అడిగింది.

"నీ బిడ్డ పొద్దుమాను అద్దాన్ని వేళ్లతో కొడతది గద. పగలదా మరి?" అన్నాను.

మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. చేపలను పలకరించడానికి అద్దం మీద వేలితో తట్టడం దాని అలవాటు. నా మాట అదీ విన్నది. ఆ రోజు నుంచి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, దూరంగా నిలబడి చేపలను చూసేది.

ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పోత ఇనుప భాగాలను పరీక్షించడం నా పని. పగులు కనిపిస్తే దాని కొసన సుద్దతో గుర్తు పెడతాం. బరువు మోయించి మళ్లీ చూస్తాం. పగులు గుర్తు దాటితే ఆ భాగం పనికిరాదు. ఇది ఇంట్లో ఎన్నిసార్లు గొప్పగా చెప్పానో. అది గుర్తుపెట్టుకునే నా భార్య గీత కొసన బొట్టుబిళ్ళ అంటించింది.

"ఇది దాటిందంటె తొట్టి ఖాళీ చేసుడే. నాలుగు దినాలు చూస్త. అందాక పిల్లను దాని ముంగట కూసోనియ్య," అంది.

మర్నాడు హైవే పక్కన అద్దాల దుకాణానికి వెళ్లి, ఫోన్‌లో ఫొటో చూపించాను. గమ్ము పెడితే సరిపోతుందా అని అడిగాను. అతను ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"గమ్ము మూలలకు సార్. నడుమ పగిలితే అతకది. నీళ్ల బరువు ఊకుంటదా? అద్దమే మార్చాలె. ఏం తాకింది దీనికి?"

"పిల్లలు..." అన్నాను.

"పిల్లల వేళ్లు ఇనుపవా సార్?" అని నవ్వాడు.

ఆ నవ్వుకు భయపడ్డాను. తొట్టిని అక్కడికి తీసుకెళ్తే నా భార్య ముందు కూడా అదే మాట అంటాడు. అందుకే ఆమె ఎప్పుడు అడిగినా "చూద్దాం" అంటూ గడిపాను. నాలుగు రోజులు పదయ్యాయి. ఆ పొద్దున చూస్తే గీత బిళ్ళను దాటి అంగుళం ముందుకు పోయింది. ఫ్యాక్టరీలో ఎవరైనా సుద్ద గుర్తు జరిపితే నేను ఊరుకోను. నా ఇంట్లో నేనే జరిపాను.

సాయంత్రం తలుపు తీయగానే మా అమ్మాయి కనిపించింది. చాప వేసుకుని, తొట్టి అద్దానికి వీపు ఆనించి హోంవర్క్ రాసుకుంటోంది.

వంటింట్లోంచి నా భార్య అంది, "గీత పొద్దున గుడ బిళ్ళను దాటలే. గందుకే కూసోనిచ్చిన, పాపం."

పిల్ల తల పైన, అద్దం మీద, బిళ్ళ పాత చోట గమ్ము మరక గుండ్రంగా ఉంది. గీత కొత్త చోటినీ దాటేసింది. కిందికి వంగి, దాని భుజం వైపు దిగుతోంది.

"ఇటు రా."

"హోంవర్క్ అయినంక వస్త డాడీ."

"ఇప్పుడే రా."

అది తన చేతులు చూసుకుంది. "నేనేం కొట్టలే డాడీ."

చెయ్యి పట్టి ఇవతలికి లాక్కున్నాను. ప్లగ్గులన్నీ పీకేసి, చేపలను బట్టల టబ్బులోకి మార్చి, పైపుతో నీళ్లు తీయడం మొదలుపెట్టాను. తొట్టి సగం ఖాళీ అయ్యాక అద్దం సన్నగా టిక్కుమంది. గీత అడుగు దాకా దిగింది. మిగిలిన నీళ్లు చాప కిందికి పారాయి. నోటుబుక్కు తడిసింది. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.

"బ్యాటరీ తాకిచ్చింది నేను. నీ మీద పెట్టిన," అన్నాను పిల్లతో.

"నేను గాదా?"

"నువ్వు గాదు."

టబ్బులోకి చూసింది. "మరి నేను రోజూ చేపలకు సారీ చెప్పిన."

నా భార్య అద్దం మీది మరకను వేలితో తడిమింది. "బిళ్ళ గుడ మీరే జరిపిన్రా?"

తలూపాను.

"పిల్ల ఈడ కూసున్నది," అంది.

మర్నాడు సెలవు పెట్టాను. తొట్టిని బాగు చేయించాలా, పారేయాలా అన్నది పిల్లనే చెప్పమన్నాను. "అద్దం మార్పిద్దాం. టబ్బుల వాటి మొఖాలు కనబడుతలేవు," అంది. ముగ్గురం దుకాణానికి వెళ్లాం. అతను నోరు తెరవకముందే, తగిలింది బ్యాటరీ అనీ, తగిలించింది నేననీ చెప్పాను. ఈసారి అతను నవ్వలేదు.

కొత్త అద్దం అతికించి, గమ్ము బాగా ఆరాక, చేపలు వేయకుండా తొట్టి నిండా నీళ్లు పోశాను. పిల్ల చాప వేసుకునే చోటనే చాప వేసి, ఆ అద్దానికి వీపు ఆనించి నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను.

ఐదో సాయంత్రం అది పుస్తకాలతో వచ్చి నిలబడింది. "ఇగ లే డాడీ," అంది.

లేవకముందు అద్దం అంచులన్నీ మరోసారి తడిమి చూశాను. అప్పుడు లేచి, చాప ఇచ్చాను.