కూర్చోనివ్వకుండా తీసిన కొలత

బాన్సువాడ కాలువ మీద తూము తలుపులు తెరిచి మూసే లష్కరు ముత్తెన్నను, రక్తపోటు ఎక్కువగా ఉందన్న కారణంతో, ఈ 1942 ఎండాకాలంలో కొలువు నుంచి తీసేశారు. ఒక్కసారే కొలిచారు. ఆయన మాట వినలేదు.

రక్తపోటు ఉన్న సంగతి ముత్తెన్న ఏనాడూ దాచలేదు. నీటి వంతుల కోసం రైతులు పారలెత్తి పోట్లాడుకునే చోట, నడుమ నిలబడి అరిచి అరిచి తెచ్చుకున్న జబ్బు అది. తల దిమ్మెక్కేది, కళ్లు ఎర్రబడేవి. ఉప్పు తగ్గించు, కోపం తగ్గించు అన్నాడు డాక్టరు. ఉప్పు సంగతి భార్య అరుణమ్మ చూసుకుంది. కోపం తగ్గించే దారి కొన్నేళ్ల కిందట ఒక వానాకాలంలో దొరికింది.

సైకిలు మీద పట్టుబట్టలు అమ్ముతూ తిరిగే ఒక చీనా వ్యాపారి, ముసురుకు బీర్కూరు దారి మూసుకుపోవడంతో, ముత్తెన్న తూము గుడిసెలో తలదాచుకున్నాడు. తెల్లవారి లేచి, మోకాళ్లు కొద్దిగా వంచి, గాలిని పైకెత్తి మళ్లీ కింద పెడుతున్నట్టు మెల్లగా చేతులు ఆడించాడు.

“ఏంది భాయ్, గాలికి మొక్కుతున్నవా?”

“మా తాత నేర్పిన కసరత్తు,” అన్నాడతను వచ్చీరాని ఉర్దూలో. “ఊపిరి కిందికి దించు. కోపం దాని వెంటే దిగుతుంది.”

ముత్తెన్న చూసింది చూసినట్టు నేర్చుకున్నాడు. కసరత్తు ముగించిన వ్యాపారి పట్టుతాను విప్పి, బారచాచి కొలిచి, మడతపెట్టాడు. ముత్తెన్న అదీ నేర్చుకున్నాడు. ఆ ఏడాదంతా పొద్దున్నే కాలువ గట్టు మీద లేని పట్టును బారలేసి మడతపెట్టాడు.

“నాకు చీర తేవు గని, గాలిని మంచిగ కొలుస్తున్నవు!” అని అరుణమ్మ దెప్పేది.

మరుసటి ఏడు వచ్చిన వ్యాపారి అది చూసి గట్టు మీద కూలబడి నవ్వాడు. “అన్నా, అది కసరత్తు కాదు, నా దుకాణం!”

“కానీయ్ భాయ్, అలవాటయింది. గదీ ఉండనీ.”

తలదిమ్ము తగ్గింది. తూము దగ్గర రభసా తగ్గింది. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద సేద్యం చేస్తున్న బసవపున్నయ్య ఒకనాడు పరుగున వచ్చి మండిపడ్డాడు. “ఏమయ్యా, అక్కడ నా నారుమడి ఎండిపోతుంటే ఇక్కడ నువ్వు గాలి పీలుస్తున్నావా?”

“తలుపు ఎత్తిన, నీళ్లు వస్తున్నయి. అవి మీ మడి చేరేదాక నాతోని జర చేతులెత్తుండ్రి.”

బసవపున్నయ్య తిట్టుకుంటూనే ఎత్తాడు. మర్నాడు బావమరిదిని కూడా వెంటబెట్టుకొని వచ్చాడు.

ఇటువంటి మనిషిని పరీక్షించిన తీరు ఇది: కొలువుకు తగునో లేదో తేల్చే వైద్యపరీక్షకు రమ్మని కబురు ఆలస్యంగా పంపారు. వేళ దాటితే కొలువు పోతుందన్నారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో తూము నుంచి బాన్సువాడకు పరుగెత్తివచ్చిన ముత్తెన్న చేతికి, పరీక్ష గది గడప దాటీ దాటకముందే రక్తపోటు కొలిచే పట్టీ చుట్టారు.

“జర కూసోనియ్యుండ్రి సాబ్. ఊపిరి ఆడనియ్యుండ్రి.”

“యంత్రం అబద్ధం చెప్పదు,” అన్నాడు పరీక్షకుడు.

“ఎండ చెప్పమన్నదే చెప్పింది సాబ్, పాపం.”

పరీక్షకుడు దాన్ని పొగరుగా తీసుకున్నాడు, అనర్హుడని రాశాడు. తర్వాత నిజామాబాదులో మరొక డాక్టరు ముత్తెన్నను నీడన కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నింపాదిగా కొలిచాడు. పోటు ఉంది, కానీ కొలువు మానవలసినంత లేదన్నాడు.

కసరత్తు జబ్బును మాయం చేసిందని ఎవరూ వాదించడం లేదు. మనిషిని పరుగెత్తించి కొలిచి, ఆ కొలతతో అతని అన్నం తీసేయడం విచారణ అనిపించుకోదు.

కాలువ అధికారులారా, ముత్తెన్నను మళ్లీ పిలవండి. ముందురోజే కబురు పంపండి, చల్లటి పూట పిలవండి. కూర్చోబెట్టండి, ఆయన చెప్పేది వినండి, ఆ తర్వాత కొలవండి. అంతవరకు తూము తాళంచెవి ఆయన చేతికి తిరిగి ఇవ్వండి.