డెబోరా కాళ్ళకు ఆకుపచ్చ బూట్లు

అబిగేయిల్‌ని దొంగ అని నోరు తెరిచి ఎవరూ అనలేదు. ఈ ఐర్లండ్ దేశంలో అలాంటి మాట మొహాన అనరు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం పరుగు ప్రాక్టీసు అయ్యాక కోచ్ డెక్లన్ ఆమెను పక్కకు పిలిచి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. "మార్చిలో యూనివర్సిటీల పోటీకి నువ్వు రావడం లేదు, సారీ" అన్నాడు. ఆమె బట్టలు మార్చుకుని ఇంటికి డ్రోహెడా బస్సు ఎక్కేలోపలే టీము వాట్సాప్ గ్రూపులోంచి ఆమె పేరు తీసేశారు.

ఫోటోలో ఎర్రమట్టి మైదానం. ఒక అమ్మాయి నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వుతోంది. ఆమె కాళ్ళకు ఆకుపచ్చ బూట్లు, మడమ దగ్గర డబ్లిన్‌లో అబిగేయిల్ చదివే కాలేజీ ముద్ర. ఆ బూట్లు ఏ షాపులోనూ దొరకవు. ఒక కంపెనీ ఈ కాలేజీ టీము కోసమే చేయించి ఉచితంగా ఇచ్చింది. బదులుగా టీము పిల్లలు పోటీల్లో ఆ బూట్లే తొడుక్కోవాలి, వాటిని ఇంకొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. ఫోటో కింద "థాంక్యూ అబిగేయిల్ అక్కా" అని రాసి ఉంది. కంపెనీ మనిషికి అది ఇంటర్నెట్‌లో కనబడింది. అబిగేయిల్ బూట్లు ఆన్‌లైన్‌లో అమ్ముకుందని తేల్చేశారు. ఆమెను అడగాలని ఒక్కరికీ తోచలేదు. బస్సులో భుజం తగిలితే సారీ చెప్పే మనుషులు వీళ్ళు.

నేను అప్పుడు వాళ్ళింట్లో పై గదిలో అద్దెకుండేవాణ్ణి. తల్లి మార్తా డ్రోహెడా ఆస్పత్రిలో నర్సు, తండ్రి ప్రసన్న కుమార్ వృద్ధుల హోమ్‌లో వాళ్ళను చూసుకునే కేరర్. సొంతూరు బాపట్ల. అబిగేయిల్ నడకలు నేర్చే వయసులో ఇక్కడికి వచ్చింది. తెలుగు అంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం డ్రోహెడా పిల్లల ఇంగ్లీషులో వస్తుంది. నన్ను "అన్నా" అనడం ఒక్కటే తెలుగు.

ఆమె ఎప్పుడూ మొదటి స్థానంలో రాలేదు. బురద పొలాల్లో పరిగెత్తే ఆ పోటీల్లో టీముకు ఆరుగురుంటారు, ముందొచ్చిన నలుగురి స్థానాలే లెక్కకొస్తాయి. ఆ నలుగురిలో చివరిది అబిగేయిల్. ఆమెను ఎవరూ పొగడరు, ఆమె వెనకబడితే మాత్రం అందరూ తిడతారు. వానలో బాయిన్ నది పక్కన ఒక్కతే పరిగెత్తుతుంటే చాలాసార్లు చూశాను. అప్పుడు ఆమె కాళ్ళకు ఉండేవి పాత బూట్లు. కంపెనీ బూట్లు ఆమెకు ఇరుకు. తల్లిలాగే ఆమె పాదం ముందు భాగం వెడల్పు. ప్రతి పోటీ తర్వాత చిటికెన వేలు నెత్తురు కారేది. కొంచెం వెడల్పువి కావాలని కోచ్‌ని అడిగితే, కంపెనీ ఒక్క మోడలే ఇస్తుందన్నాడు. కాళ్ళు చూడకుండానే కాలేజీ వాళ్ళు ఆ ఒప్పందం మీద సంతకం పెట్టారు. ఒక్కొక్కరికి రెండు జతలు ఇచ్చారు. అబిగేయిల్ ఒక జత పోటీలకు వాడుకుంది. రెండోది మెట్ల కింద అల్మరాలో అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి మార్తా డ్యూటీకి బయలుదేరుతోంది.

"ఏందే ఆ మొహం?" అంది.

అబిగేయిల్ ఆ ఫోటో తెరిచి ఫోన్ టేబుల్ మీద పెట్టింది. "మమ్, ఈజ్ దట్ డెబోరా?"

"డెబోరానే. ఎంత బాగుందో చూడు పిల్ల!" డెబోరా మార్తా చెల్లెలి కూతురు. బాపట్లలో డిగ్రీ చదువుతోంది. అదీ పరిగెత్తుతుంది.

"అవి నా షూస్, మమ్!"

"నీయే. నేనే పంపించా. క్రిస్మస్‌కి గుంటూరు బోతా నవీన ఆంటీ సూట్‌కేసులో చోటుందంది. నువ్వు ఎట్టాగూ తొడగవు, మెట్ల కింద ప్రెస్‌లో పడుండాయి. దానిదీ నీ సైజే."

"మమ్!"

"ఏంది మమ్? కొత్త బూట్లు డబ్బాలో పెట్టి వాటికి ఆరాధన చేస్తామా?"

మార్తాను తప్పుపట్టలేను. ఇండియా వెళ్ళేవాళ్ళ సూట్‌కేసులో కాస్త ఖాళీ ఉందని తెలిస్తే మనవాళ్ళకు చేయి ఊరుకోదు. వాడని షాంపూలు, పొట్టయిన కోట్లు, చాక్లెట్లు అన్నీ ఎవరో ఒకరికి చేరాల్సిందే. అల్మరాలో ఊరికే ఉన్న వస్తువుకు ఒక ఒప్పందం కాపలా కాస్తోందని ఆమెకెలా తెలుస్తుంది?

జరిగింది విన్నాక మార్తా కోటు అందుకుంది. "నా బిడ్డ అమ్ముకుందా? పదవే, ఈ యూనిఫాంతోనే వస్తా. ఆ కోచ్ ఎవుడో చూస్తా."

"నో, ప్లీజ్" అంది అబిగేయిల్.

మర్నాడు తనే కోచ్‌కి చెప్పింది. తల్లి పేరు ఎత్తలేదు, మా ఇంట్లోంచే చెల్లికి వెళ్ళాయని మాత్రం అంది. డెక్లన్ చెడ్డవాడు కాదు. కంపెనీతో మాట్లాడి ఒక షరతు పట్టుకొచ్చాడు. ఫోటో తీసేసి, బూట్లు వెనక్కి తెప్పించి అప్పగిస్తే పోటీకి రావచ్చు. మాసిన బూట్లు ఆ కంపెనీ ఏం చేసుకుంటుంది? వాటితో పని లేదు. బాపట్ల పిల్ల కాళ్ళకు ఉండకూడదు, అంతే.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక వీడియో కాల్ చేశారు. డెబోరా మొహం పాలిపోయి ఉంది.

"సారీ అక్కా. ఫోటో తీసేశా. బూట్లు పంపించేస్తా." మార్తా వైపు చూసింది. "గురువారం జిల్లా పోటీలు. అయినాక పంపితే ఆలస్యమైద్దా పెద్దమ్మా?"

"ఆలస్యమైద్దమ్మా. రేపే పార్సిల్ కట్టు. నీకు నేను వేరేవి కొంటాలే" అంది మార్తా.

"సరే పెద్దమ్మా" అని డెబోరా తల దించుకుంది.

అబిగేయిల్ ఫోన్ లాక్కుంది. ఏదో ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆగిపోయింది. మాటలు వెతుక్కుంటోందని తెలుస్తోంది.

"పంపొద్దు" అంది. "నీకు ఇచ్చినాం. నీయే. నువ్వే ఏసుకో. పరిగెత్తు."

"నీకేమన్నా పిచ్చా? రేసు పోద్ది నీది!" అని మార్తా అరిచింది.

"పోనీ మమ్. ఇచ్చింది మళ్ళీ అడగొద్దు అని నువ్వే చెప్పినావ్ నాకు."

మార్తా లేచి అన్నం వడ్డించడానికి వంటింట్లోకి వెళ్ళింది.

మార్చిలో పోటీకి అబిగేయిల్ వెళ్ళింది, పరిగెత్తడానికి కాదు, టీము వాళ్ళ కోట్లు పట్టుకుని గట్టున నిలబడటానికి. నేనైతే ఆ పోటీ వైపు కూడా చూడను. నాలుగో స్థానానికి సరైన మనిషి లేక టీముకు పతకం తప్పిపోయింది. కెప్టెన్ ఓర్లా బురదలో కూర్చుని బూట్లు లాగి పడేసింది. తెల్ల మేజోడు చిటికెన వేలి దగ్గర ఎర్రగా ఉంది. అబిగేయిల్ తన సంచీలోంచి ప్లాస్టర్ తీసిచ్చింది.

"నీకు కూడానా?" అంది.

"అందరికీ" అంది ఓర్లా. "ఉచితంగా ఇచ్చారు కదా అని నోరు మూసుకున్నాం. మాకూ ఇండియాలో కజిన్స్ ఉంటే ఎప్పుడో పంపేసేవాళ్ళం."

మే నెలలో కాలేజీ పరుగు క్లబ్బు సర్వసభ్య సమావేశం జరిగింది. ఇక్కడి కాలేజీల్లో ఇలాంటి క్లబ్బులను విద్యార్థులే నడుపుతారు. ఓర్లా లేచి, కంపెనీ పేరు చొక్కా మీద ఉంటే చాలు, బూట్లు ఎవరి కాలికి సరిపడేవి వాళ్ళు వేసుకోవాలని తీర్మానం పెట్టింది. చేతులెత్తితే అది నెగ్గింది. కంపెనీ మూతి ముడుచుకుని చొక్కాలకు మాత్రం ఒప్పుకుంది. ఇక పోటీలకు కంపెనీ డబ్బుతో వచ్చే మంచి బస్సు ఉండదు, ఎవరిదో పాత వ్యాను అడుక్కోవాలి. ఆ సాయంత్రం డెక్లన్ తనే అబిగేయిల్‌ని గ్రూపులో మళ్ళీ చేర్చి, "పొరపాటు నాది, అడిగి ఉండాల్సింది" అని అందరూ చూసేలా రాశాడు. ఇలాంటివి జరుగుతాయని నేను నమ్మను. కానీ ఆ మెసేజ్ నా కళ్ళతో చూశాను.

ఆగస్టులో నాకు కిల్కెన్నీలో పని దొరికింది. డ్రోహెడా స్టేషన్‌దాకా అబిగేయిల్ నా సంచీ ఒకటి మోసుకొచ్చింది. కాళ్ళకు కొత్త బూట్లు, ముందు భాగం వెడల్పువి, వేసవిలో షాపులో పనిచేసి కొనుక్కున్నవి. డెబోరా జిల్లా పోటీల్లో గెలవలేదు కానీ పరుగు ఆపలేదు. ఆ ఆదివారం నుంచి అక్కాచెల్లెళ్ళు ప్రతి వారం మాట్లాడుకుంటున్నారు. అబిగేయిల్ తెలుగు అందుకే తేరుకుంది.

రైలు వస్తోందని మైకులో చెప్తుండగా ఆమె ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"అన్నా, నిన్న డెబోరా ఒకటి చెప్పింది. ఆ షూస్ దానికి కూడా ఇరుకే అంట. ఫస్ట్ డే బ్లేడ్ పెట్టి షూని చిటికెన వేలు పక్కన కోసేసింది అంట! అందుకే కాల్‌లో తల దించుకుంది. కోసిన షూస్ ఎట్టా పంపాలో తెలీలేదు దానికి."

సంచీ నా చేతికిచ్చింది.

"నేను ఇయర్ అంతా కాలు కోసుకున్నా. అది షూ కోసింది. క్రిస్మస్‌కి పోతున్నా అన్నా, దానితో పరిగెత్తాలి. అది నన్ను ఓడిస్తది, చూడు."